జెండా పట్టిన చేత్తో రాసేటప్పుడు

ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఒక హితవు వినిపిస్తూంటుంది: ప్రచారాల గురించి రాసేవాడు ఏ పార్టీకీ చెందనివాడై ఉండాలని. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఉద్యోగానికి సెలవు పెట్టి, సొంత డబ్బుతో పెట్రోలు పోయించుకుని, ఏప్రిల్ ఎండలో ఒక అభ్యర్థి వెంట సందుసందూ తిరిగి, ఆ రాత్రి ఒంటిగంటదాకా కూర్చుని చూసినదంతా రాసేవాడు ఏ పక్షమూ లేనివాడై ఎందుకుంటాడు? అంత ఓపిక అభిమానం ఉన్నవాడికే ఉంటుంది. పక్షం ఉండడం తప్పు కాదని నా వాదన. తప్పు మరోచోట ఉంది. అదెక్కడుందో నాకు 2009లో తెలిసింది. ఆ తప్పు చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను కనుక.

అప్పట్లో నేను మాదాపూరులో, సైబర్ టవర్స్‌కు నడిచి వెళ్ళేంత దూరంలో ఉద్యోగం చేసేవాణ్ణి. 1998 నవంబరులో ఆ భవనాన్ని ప్రారంభించినప్పుడు చుట్టూ బండలు, తుప్పలే. పదేళ్ళలో అక్కడొక కొత్త ఊరు లేచింది. ఆ ఊళ్ళో పనిచేసే వాళ్ళకు జీతాలున్నాయి, అభిప్రాయాలున్నాయి. చాలామందికి ఓటు మాత్రం అక్కడ లేదు. ఓటు గుంటూరులోనో, కరీంనగర్‌లోనో, అనంతపురంలోనో అమ్మానాన్నల ఇంటి చిరునామాతో ఉండేది. ఓటు లేని చోట బతికే మనిషికి రాజకీయం చేతికందదు. అందుకే రాతలోకి మళ్ళుతుంది. కంప్యూటర్లో తెలుగు రాయడం అప్పుడప్పుడే సులువైన రోజులు. లేఖినిలో టైపు చేసి, కూడలిలో కనబడితే చాలు, ఓ యాభైమంది చదివేవారు. ఆ యాభైమందే మాకు రాష్ట్రం.

2009 ఎన్నికలు అలాంటి మాకోసమే వచ్చినట్టనిపించింది. ఒకవైపు రాజశేఖరరెడ్డి గారి కాంగ్రెసు, మరోవైపు తెలుగుదేశం, తెరాస, రెండు కమ్యూనిస్టు పార్టీల మహాకూటమి. 2008 ఆగస్టు 26న తిరుపతిలో చిరంజీవి గారు ప్రకటించిన ప్రజారాజ్యం ఇంకోవైపు. వీటన్నిటికీ ఎడంగా లోక్‌సత్తా. 1996లో ఉద్యమంగా మొదలై, 2006 అక్టోబరు 2న పార్టీ అయింది. ఐఏఎస్ వదిలి వచ్చిన జయప్రకాశ్ నారాయణ్ గారు కూకట్‌పల్లిలో నిలబడ్డారు. హైటెక్ సిటీ ఉన్న శేరిలింగంపల్లి, దాన్ని ఆనుకుని ఉన్న కూకట్‌పల్లి రెండూ నియోజకవర్గాల పునర్విభజనలో కొత్తగా ఏర్పడినవే. కొత్త నియోజకవర్గం, కొత్త పార్టీ, కొత్త ఓటరు. ఇంతకంటే ఏం కావాలి?

మేం నలుగురం, రెండు బైకులు. శని ఆదివారాలు కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ నుంచి మూసాపేట, బాలానగర్ దాకా ప్రచారం వెంట తిరగడం. రాత్రికి ఫొటోలు ఎక్కించి, నాలుగు పేరాలు రాసి పడుకోవడం. మా నలుగురిలో ఒకడు ప్రజారాజ్యం అభిమాని. వాడు మాతో సగం రోజు తిరిగి, మిగతా సగం తన పార్టీ వాళ్ళ వెంట పోయేవాడు. ఆఫీసు కాంటీనులో కాంగ్రెసు కుటుంబం నుంచి వచ్చిన మిత్రుడొకాయన ఉండేవాడు. మా రాతలన్నీ చదివి, "మీరు వెళ్ళిన వీధులకే మళ్ళీ మళ్ళీ వెళ్తున్నారేంటండీ?" అని నవ్వేవాడు. ఆ నవ్వులో విషయం ఉందని అప్పుడు తోచలేదు.

ఇలా పార్టీ అభిమానంతో వెంటబడి తిరిగి రాయడం మేమేదో కొత్తగా కనిపెట్టింది కాదు. అమెరికాలో 2004లోనే డెమొక్రాటిక్ పార్టీ బోస్టను మహాసభకు బ్లాగరులను పిలిచి, విలేఖరులతో పాటు కూర్చోబెట్టింది. 2006లో కనెక్టికట్ రాష్ట్రంలో సెనెటర్ లీబర్మన్ మీద నెడ్ లామాంట్ పోటీకి దిగితే, ఆయన్ని అభిమానించే బ్లాగరులు కొందరు ఆ రాష్ట్రానికే వెళ్ళి మకాం వేసి, ఊరూరా వెంట తిరిగి రాశారు. ఆగస్టులో జరిగిన పార్టీ అంతర్గత ఎన్నికలో లామాంట్ గెలిచాడు. రాసినవాళ్ళు పండగ చేసుకున్నారు. నవంబరులో అసలు ఎన్నిక వచ్చేసరికి లీబర్మన్ స్వతంత్రుడిగా నిలబడి గెలిచేశాడు. పార్టీ లోపలి ఓటరు కనబడినంత స్పష్టంగా పార్టీ బయటి ఓటరు వాళ్ళకు కనబడలేదని దీన్నిబట్టి నేను అర్థం చేసుకున్నాను.

అంత దూరం పోనక్కరలేదు. 1982 మార్చి 29న తెలుగుదేశాన్ని ప్రకటించిన రామారావు గారు పాత చెవ్రొలెట్ వ్యానును చైతన్యరథంగా మార్పించి, హరికృష్ణ నడుపుతూండగా, 1983 జనవరి ఎన్నికల దాకా రాష్ట్రమంతా తిరిగారు. ఆ రథం వెంట ఈనాడు విలేఖరులు తిరిగి రోజూ రాశారు. ఆ పత్రిక ఎవరి వైపుందో పాఠకులందరికీ తెలుసు. అంతకుముందు నుంచీ ఉన్న విశాలాంధ్ర ఏ పార్టీదో, ప్రజాశక్తి ఏ పార్టీదో కూడా తెలుసు. తెలుగునాట పత్రికకు పక్షం ఉండడం వింత కాదు. దాచుకోవడమే వింత. రథం వెంట తిరిగినవాళ్ళు జనంలో వచ్చిన ఊపును పట్టుకున్నారు. ఫలితాలు వాళ్ళను నిజం చేశాయి. అయితే గెలుపు ఒక విధంగా అభిమానిని పాడుచేస్తుంది. చూసింది సరిగ్గా చూసినందుకు నిజమైందా, గాలి తనవైపు వీచినందుకు నిజమైందా అన్నది గెలిచినవాడు ఎప్పటికీ తేల్చుకోడు. ఓడినవాడికే ఆ అవకాశం.

మాకు ఆ అవకాశం 2009 మే 16న వచ్చింది. 294 స్థానాల్లో కాంగ్రెసుకు 156, తెలుగుదేశానికి 92, ప్రజారాజ్యానికి 18, తెరాసకు 10. లోక్‌సత్తాకు 1. ఆ ఒక్కటీ కూకట్‌పల్లి. చిరంజీవి గారు తిరుపతిలో గెలిచినా సొంత జిల్లాలోని పాలకొల్లులో ఓడిపోయారు. హైటెక్ సిటీ ఉన్న శేరిలింగంపల్లిలో కాంగ్రెసు గెలిచింది. "గాలి మారింది" అని మేం మూడు నెలలుగా రాస్తూ వచ్చాం. గాలి మారింది నిజమే, మా నాలుగు వీధుల్లో. మేం కూకట్‌పల్లిని రాష్ట్రానికి నమూనా అనుకున్నాం. నిజానికి అది మా నీడ. మాలాంటి చదువు, మాలాంటి జీతం, మాలాంటి విసుగు ఉన్నవాళ్ళు అక్కడ ఎక్కువగా ఉన్నారు కాబట్టి, మా మాటలే మాకు తిరిగి వినిపించాయి.

ఇక నా తప్పు సంగతి. ఏప్రిల్ మొదటి వారంలో ఒక ఆదివారం. మూసాపేటలో, బాలానగర్ వైపు వెళ్ళే దారిలో, చిన్నచిన్న లేతుషెడ్ల వెనకనున్న బస్తీలో తిరుగుతున్నాం. ఒక పెద్దావిడ గడపలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. కరపత్రం ఇచ్చి, మా పద్ధతి ప్రకారం అవినీతి గురించి, డబ్బూ సారా పంచని రాజకీయం గురించి నాలుగు మాటలు చెప్పాను. ఆవిడ ఓపిగ్గా వింది. తరవాత అడిగింది:

"సారు మంచోడే అంటున్నవ్. కాదంటలే బిడ్డా. మా ఆయనకు గుండె ఆపరేషను ఆరోగ్యశ్రీ కార్డు మీద చేసిండ్రు. పైస తీస్కోలే. మీ సారు గెలిస్తే ఆ కార్డు ఉంటదా, పోతదా? గదొక్కటి చెప్పు."

నా దగ్గర సమాధానం లేదు. పార్టీ ప్రణాళికలో ఆరోగ్యం గురించి ఏముందో నేను చదవలేదు. నేను చదివిందల్లా అవినీతి గురించి, అధికార వికేంద్రీకరణ గురించి. "ఉంటుందమ్మా, ఎందుకు పోతుంది?" అనేసి పక్క ఇంటికి వెళ్ళిపోయాను. ఆ రాత్రి ఏం రాశానో కూడా గుర్తుంది. మూసాపేటలో మహిళల నుంచి చక్కటి స్పందన వచ్చిందని రాశాను. ఆవిడ ఫొటో కూడా పెట్టాను, కరపత్రం చేతిలో పట్టుకుని ఉన్నది. ఆవిడ అడిగిన ప్రశ్న పెట్టలేదు.

అబద్ధం ఒక్కటీ రాయలేదని మీరు గమనించాలి. స్పందన వచ్చింది, ఫొటో నిజం, కరపత్రం నిజం. కానీ ఆ ఎన్నికల మొత్తం రహస్యం ఆవిడ ప్రశ్నలో ఉంది. 2007లో మొదలై 2008కల్లా రాష్ట్రమంతా విస్తరించిన ఆరోగ్యశ్రీ, 2008 ఏప్రిల్ నుంచి 2 రూపాయలకు కిలో బియ్యం, పిల్లల ఫీజుల చెల్లింపు, రైతుకు ఉచిత విద్యుత్తు... ఉన్నది పోతుందేమోనన్న భయం, కొత్తది వస్తుందన్న ఆశకంటే బలమైనదని ఆ గడపలో నాకు ఎవరో వచ్చి పాఠం చెప్పారు. దాన్ని నేను నా పాఠకుల నుంచి, అంతకంటే ముఖ్యంగా నా పార్టీ నుంచి దాచాను. ఎందుకు? ఆ ప్రశ్న రాస్తే అవతలివాళ్ళకు ఆయుధం ఇచ్చినట్టవుతుందేమోనని. కార్యకర్తల ఉత్సాహం చల్లారుతుందేమోనని. నిజానికి రాసి ఉంటే, నాలాంటివాళ్ళు పదిమంది పది బస్తీల నుంచి అదే ప్రశ్న మోసుకొచ్చి ఉంటే, ఎవరో ఒకరు కూర్చుని దానికి జవాబు తయారుచేసేవారు. గెలిచేవాళ్ళమని అనను. కానీ ఆవిడకు జవాబు దొరికేది.

పార్టీ అభిమాని రాసే రాతకు అసలు ప్రయోజనం ఇదే. తటస్థ విలేఖరిని అభ్యర్థి అనుమానంగా చూస్తాడు. అతను తెచ్చే చెడ్డ వార్త కుట్రగా కనిపిస్తుంది. అభిమాని తెస్తే అది ఇంటివాడి మాట. చెవికెక్కుతుంది. ఆ అవకాశాన్ని వదులుకుని భజన చేసే అభిమాని తన పార్టీకి చేసే నష్టం ప్రతిపక్షం కూడా చెయ్యలేదు.

ఇది ఒక్క మా పార్టీ జబ్బు అయితే ఇంత రాయనక్కరలేదు. పదిహేనేళ్ళ తరవాత ఇదే కారిడారులో సరిగ్గా తిరగేసిన బొమ్మ చూశాను. 2024 ఆంధ్రప్రదేశ్ ఎన్నికల ముందు, వైకాపాను అభిమానించే మిత్రులు 'సిద్ధం' సభలకు ఇక్కడి నుంచి వెళ్ళొచ్చేవారు. జనాన్ని చూసి, పథకాలు అందుకున్న అక్కచెల్లెళ్ళతో మాట్లాడి, 175కి 175 ఎందుకు రావన్న నినాదాన్ని మనసారా నమ్మి రాశారు. వచ్చినవి 11. మేం 2009లో పథకం అందుకున్న మనిషిని చూడలేదు. వాళ్ళు 2024లో ఆ మనిషిని తప్ప మరెవరినీ చూడలేదు. ఉద్యోగం రాని కొడుకు, రాజధాని ఏదో తెలియని ఊరు, గుంతలు పడిన రోడ్డు వాళ్ళ ఫొటోల అంచుల్లో ఉండే ఉంటాయి. రెండు పార్టీలు, రెండు కాలాలు, ఒకటే గుడ్డితనం.

అభిమానం చచ్చిపోలేదనడానికి కూడా ఈ కారిడారే సాక్ష్యం. 2023 సెప్టెంబరు 9న చంద్రబాబునాయుడు గారిని అరెస్టు చేశాక, విప్రో కూడలి దగ్గర ఐటీ ఉద్యోగులు రోడ్డెక్కారు. సెప్టెంబరు 24న రాజమహేంద్రవరానికి కార్లలో బయల్దేరితే, ఆంధ్ర సరిహద్దులో పోలీసు ఆంక్షలు ఎదురయ్యాయి. పక్క రాష్ట్రపు గొడవకు ఇక్కడి రోడ్లెందుకని అప్పటి తెలంగాణ మంత్రి కేటీఆర్ గారు అడిగారు. 2024 మే 13 పోలింగుకు ముందు విజయవాడ రహదారి మీద పంతంగి టోలుగేటు దగ్గర బారులు తీరిన కార్లు అందరూ చూసినవే. ఇక్కడ బతుకుతూ అక్కడ ఓటేసే మనిషి ఇంకా ఉన్నాడు. వందల కిలోమీటర్లు పోయి తన పార్టీ కోసం నిలబడతాడు. వాణ్ణి చూసి నవ్వేవాళ్ళలో నేను లేను. నేను అడిగేది ఒక్కటే: అంత దూరం వెళ్ళినవాడు అక్కడ ఏం చూసి వచ్చాడు? తనలాంటి కార్లనేనా?

ఈ మధ్యలో ఇంకో మార్పు కూడా వచ్చింది, ఇది మరీ ప్రమాదకరం. అభిమాని స్థానంలో జీతగాడు వచ్చాడు. 2009 ఎన్నికల్లోనే పత్రికల్లో డబ్బిచ్చి వేయించుకున్న వార్తలు ఎంతగా పెరిగాయంటే, ప్రెస్ కౌన్సిల్ దాని మీద ఇద్దరు సభ్యులతో ఉపసంఘం వేసింది. వారిలో ఒకరు మన కె. శ్రీనివాసరెడ్డి గారు. 2010లో నివేదిక వచ్చింది. పత్రికలకు అంటిన ఆ మకిలి ఇప్పుడు చేతిలో మైకు, భుజాన కెమెరా ఉన్న ప్రతివాడికీ అంటుకునే వీలుంది. "పబ్లిక్ టాక్" అని వీధిలో నలుగురిని మాట్లాడించే వీడియో ఎవరి ఖర్చుతో తీశారో చూసేవాడికి తెలియదు. అభ్యర్థి తన సామాజిక మాధ్యమ ఖాతాలనూ, వాటి మీద పెట్టే ఖర్చునూ చూపాలని ఎన్నికల సంఘం 2013 అక్టోబరులో చెప్పింది. ఆ నియమం కట్టేది అభ్యర్థిని. అతని వెంట తిరిగి "నేను మామూలు జనంలో ఒకణ్ణి" అని చెప్పుకునేవాణ్ణి దాదాపుగా ఏదీ కట్టదు. వాణ్ణి కట్టాల్సింది వాడి మర్యాదే.

మర్యాద అన్నాను కాబట్టి, నా దృష్టిలో అదేమిటో చెబుతాను.

మొదటిది, పక్షం చెప్పుకోవడం. "నేను ఫలానా పార్టీవాణ్ణి" అని మొదటి వాక్యంలోనే రాయాలి. డబ్బు ముడిపడితే అదీ చెప్పాలి. అమెరికాలో 2003లో హోవర్డ్ డీన్ ప్రచారం ఇద్దరు ప్రముఖ బ్లాగరులను సలహాదారులుగా పెట్టుకుంది. ఒకరు ఆ సంగతి తన పేజీ ముఖానే రాసి పెట్టారు. మరొకరు ఆ పని చేసినన్నాళ్ళూ రాయడమే మానేశారు. రెండూ మంచి పద్ధతులే. బైకులో పెట్రోలు ఎవరు పోయించారో, మధ్యాహ్నం బిర్యానీ ఎవరు పెట్టారో రాస్తే పోయే పరువేమీ లేదు.

రెండోది, రోజుకొక్కటైనా ఎదురుమాట రాయడం. తన పార్టీకి నచ్చని ఒక ప్రశ్ననో, ఫిర్యాదునో, మూసిన తలుపునో యథాతథంగా, ఆ మనిషి మాటల్లోనే రాయాలి. పక్కన తన జవాబు రాసుకోవచ్చు. జవాబు లేకపోతే లేదని రాయాలి. మిత్రులు కోప్పడతారు. పడనివ్వాలి.

మూడోది, తిరిగి వెళ్ళడం. ఫలితాలొచ్చాక, గెలిచినా ఓడినా, తిరిగిన వీధుల్లోకి మళ్ళీ ఒకసారి వెళ్ళి, ఎక్కడ తప్పు చూశానో రాయాలి. ఇది అన్నిటికంటే కష్టం. ఎన్నికలయ్యాక ఎవరికీ దాని మీద ఆసక్తి ఉండదు, రాసేవాడికి కూడా.

ఇలా రాస్తే పార్టీ ఓడిపోతుందంటారా? ఇలా రాయకపోయినా మా పార్టీ ఓడిపోయింది. ప్రజారాజ్యం 2011లో కాంగ్రెసులో కలిసిపోయింది. 2014లో జయప్రకాశ్ నారాయణ్ గారు మల్కాజిగిరి లోక్‌సభకు నిలబడి ఓడిపోయారు. ఆ తరవాత లోక్‌సత్తా ఎన్నికల పోటీ నుంచే పక్కకు తప్పుకుంది. రాష్ట్రమే రెండయింది. అప్పుడు మేం రాసిన వందల పేరాల్లో ఇప్పుడు చదివితే పనికొచ్చేవి ఎన్ని అని ఈమధ్య ఒకరాత్రి కూర్చుని వెతికాను. అభ్యర్థి ఎంత గొప్పవాడో రాసినవేవీ చదవబుద్ధి కాలేదు. బాలానగర్ లేతుషెడ్లో రోజుకు ఎంత కూలీ ఇస్తారో మా మిత్రుడొకడు ఎందుకో రాసిపెట్టిన మూడు వాక్యాలు మాత్రం ఇప్పటికీ బతికున్నాయి.

ఆ పెద్దావిడ ఇంటికి నేను మళ్ళీ వెళ్ళింది 2010లో, అదీ వేరే పనిమీద అటువైపు పోతూ. గుర్తుపట్టింది. "మీ సారు గెలిచిండు గదా" అంది నవ్వుతూ. కార్డు ఉందామ్మా అని అడిగాను. ఉందంది. పోయింది ఆయనే, రెండు నెలలైందంది. కాసేపు కూర్చుని వచ్చేశాను. ఇదీ రాయలేదు అప్పుడు. ఇప్పుడు రాస్తున్నాను, పదేళ్ళకు పైగా ఆలస్యంగా. వచ్చే ఎన్నికలకు ఎవరి వెంటైనా బయల్దేరే కుర్రవాళ్ళు ఇంత ఆలస్యం చెయ్యకూడదని.